రెండో ఎక్స్

ఇల్కా తొలి పరిశోధన పేపరు ఆ ఉదయమే అచ్చయింది. హైడెల్‌బర్గ్ ల్యాబు ఆనవాయితీ ప్రకారం కేకు తనే చేసి తెచ్చింది. ప్రొఫెసర్ బ్రూక్నర్ ఓ ముక్క తింటూ ఆమె ముందుకు కాగితం తోశాడు.

"నువ్వు ప్రయోగాల్లో వాడిన కణాల పరీక్ష రిపోర్టు. అవి మగవాడివి."

ఆడవాళ్ళ కణాల్లో రెండో ఎక్స్ క్రోమోజోము నోరు ఓ ఆర్‌ఎన్‌ఏ ఎలా నొక్కి ఉంచుతుందో ఆమె నాలుగేళ్ళు కొలిచింది. మగకణాల్లో ఆ రెండోదే ఉండదు.

"మరి నేను కొలిచిందేంటి సార్?"

"కణాలకు వేసిన రంగు తాలూకు మరకలు."

ఆమె రిపోర్టు మీది తారీఖు చూసింది. "ఇది నిరుడే వచ్చింది. కణాలిచ్చిందీ మీరే."

"నిరుడు గ్రాంటు కమిటీకి నీ గ్రాఫులు కావాల్సొచ్చాయి."

"పేపరు మీద మీ పేరూ ఉంది."

"ఆఖరి ప్రూఫులో తీయించేశాను. నీకూ పంపారుగా."

ఆయన ఇంకో ముక్క కోసుకున్నాడు.

"మొదటి పేరు నీదో కాదో చూసుకుని సరేననేసి ఉంటావు. అందరూ అంతే."