ఎడమ డబ్బా

నూట ఎనిమిది సార్లు స్వామి పేరు తలిచాక దర్జీ ఎడమ డబ్బాలోంచి ఒక గుండీ తీసి కుడి డబ్బాలో వేశాడు. టిక్కుమంది.

ముప్పై ఏళ్ల కుట్టుపనిలో మిగిలిపోయిన గుండీలవి. ఎడమ డబ్బా ఖాళీ అయిన రోజున భార్య మంచం దిగి నడుస్తుందని అతని మొక్కు. ఎన్నున్నాయో లెక్కపెట్టలేదు. యాభై రోజుల పని అనుకున్నాడు.

డాక్టరు మాత్రం అతన్ని వరండాలోకి పిలిచి, ఇక లాభం లేదని పెదవి విరిచాడు. ఆ మాటలు గదిలోకి వినిపించాయి.

"అన్నీ అయిపోయాక కూడా నేను లేవకపోతే?" అంది భార్య, మొక్కు మొదలుపెట్టిన రోజునే.

"లేస్తావు. లేవకపోతే ఆ పటం తీసి చెత్తలో పారేస్తా. మళ్లీ ఈ జన్మలో ఆయన పేరెత్తితే నన్ను మనిషే కాదను."

ఆమె గోడ మీది పటాన్ని చూసింది. తర్వాత మొగుడి ముఖం చూసింది. ఆ పేరు తలవనిదే సూదిలోకి దారం ఎక్కించని మనిషి.

"డబ్బాలు రెండూ నా మంచం పక్కనే పెట్టండి. ఆ చప్పుడు నాకు తోడుగా ఉంటుంది."

పొద్దున జపం. పగలంతా దుకాణం. సాయంత్రం మళ్లీ జపం. యాభై రోజులు దాటాయి. వంద దాటాయి. డబ్బా అడుగు కనిపించలేదు.

మరదల్ని చూడవచ్చిన అక్క డబ్బాలోకి తొంగిచూసింది.

"ఒరేయ్, ఇది డబ్బానా, ఊటబావా? తోడేకొద్దీ ఊరుతోందే!"

"దుకాణం గొడవలు బుర్రలో పెట్టుకుని చేస్తున్నానక్కా. మనసు పెట్టని జపం ఆయన తీసుకోడు. వెనక్కి పంపేస్తున్నాడు."

"పిచ్చివాడా, ఆయన దయ కూలి డబ్బులట్రా, చేసినంత పనికి చేతిలో పెట్టడానికి?"

"కుట్టందే చొక్కా వస్తుందా అక్కా?"

"కుట్టేది నువ్వే. బట్ట ఎవరిచ్చారు?"

మర్నాడు దర్జీ దుకాణానికి తాళం వేశాడు. ఒంటిపూట తిండి. మంచం పక్కన చాప మీద కూర్చుంటే స్నానానికి తప్ప లేవడం లేదు.

ఈసారి గుండీలు తరిగాయి. చూస్తూండగానే డబ్బా అడుగున తుప్పు కనిపించింది.

"చూశావా! ఒళ్లు వంచితే కానిదేముంది?" అన్నాడు సంబరంగా.

భార్య అప్పటికి ఎముకల గూడయింది. "కాస్త నెమ్మదిగా చెయ్యండి," అంది. "గొంతెండిపోతోంది మీకు."

ఆ ఉదయం ఎడమ డబ్బాలో ఏడే ఏడు గుండీలు మిగిలాయి. ఆఖరి జపం తలస్నానం చేసి చేద్దామని దర్జీ తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"ఇంకొక్క గంట ఓపిక పట్టు. లేచి కూర్చుంటావు."

"నిదానంగా పోసుకోండి," అంది భార్య. "తొందరేం లేదు."

తడి తలతో తిరిగొచ్చేసరికి ఆమె మంచం అంచుకు ఒరిగిపోయి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. పిలిచాడు. కుదిపాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు.

ఒక్క అంగలో గోడ దగ్గరికి వెళ్లాడు.

"ఏడే కదయ్యా! ఏడు గుండీలకు ఆగలేకపోయావా?"

రెండు చేతులతో పటాన్ని మేకు నుంచి పెరికాడు. నేలకేసి కొట్టడానికి పైకెత్తాడు.

వెనకాల టిక్కుమంది.

తిరిగి చూశాడు.

మంచం మీంచి వేలాడుతున్న భార్య గుప్పిట సడలి, కుడి డబ్బాలోంచి తీసిన గుండీలు ఒక్కొక్కటే ఎడమ డబ్బాలోకి రాలుతున్నాయి.