నాబా గారి టోపీ

ఏటి ఈగ కుట్టి చూపు పోగొట్టే జబ్బుకు మా ఊళ్ళో ఏటా మాత్రలు పంచుతారు. ఎవరికెన్ని అన్నది మనిషి ఎత్తును బట్టి. మేం నాబా అని పిలిచే మా ఊరి పెద్ద తిగా ఆ జబ్బుతోనే రెండు కళ్ళూ పోగొట్టుకున్నాడు. ఆయన మింగగా కళ్ళారా చూస్తే తప్ప ఊళ్ళో ఎవరూ మింగరు.

"టోపీతో కొలిస్తే నాలుగు, లేకపోతే మూడు. తీసెయ్ నా బానిసా," అంది కొలకర్ర పట్టుకొచ్చిన సలిమాతా. ఆమె సామో తెగ మనిషి. మా మోసీ తెగవాళ్ళను అలా వెక్కిరించే హక్కు వాళ్ళకు పుట్టుకతోనే వస్తుంది.

"బానిసవి నువ్వే. నలుగురిలో నాబా టోపీ తీస్తాడటే?" అన్నాడు నాబా.

"అందర్నీ పంపించేశాను. ఇక్కడ ఎవరూ లేరు."

ఊరంతా అక్కడే ఉన్నాం, ఊపిరి బిగబట్టి. నాబా టోపీ తీశాడు. కింద నున్నటి బోడిగుండు. సరిగ్గా అప్పుడే నాకు తుమ్మొచ్చింది.

"ఎవరది?"

"మేక," అంది సలిమాతా.

నాబా మూడు మాత్రలూ మింగి, నీళ్ళు తాగి, టోపీ తాపీగా పెట్టుకున్నాడు.

"అందరూ చూశారుగా, ఇక వరసలోకి రండి," అన్నాడు మా వైపు తిరిగి. "ముందు ఆ మేకను కొలువు సలిమాతా. టోపీ తీయించి మరీ."