బెర్నీస్ రాజీనామా

“రేపట్నుంచి నేను రాను,” అంది బెర్నీస్ కోవల్.

ఆల్డెన్ థార్స్‌బీ చేతిలోని కాఫీ కప్పు పెదాల దగ్గరే ఆగిపోయింది.

పంతొమ్మిదేళ్ళుగా, ఆదివారాలు తప్ప, రోజూ పొద్దున్న తొమ్మిదింటికి ఈవిడ జార్జ్‌టౌన్‌లోని ఆయన ఇంటి ముందు ప్లకార్డు పట్టుకుని నిలబడుతోంది. ‘థార్స్‌బీ, సాన్ బెలార్మో ప్రజలకు క్షమాపణ చెప్పు!’ అని దాని మీద ఎర్ర అక్షరాలు. ఆయన విదేశాంగ శాఖలో చక్రం తిప్పిన రోజుల్లో ఈ వీధి నిండా జనం, కెమెరాలు, గుర్రాల మీద పోలీసులు. ఇప్పుడు మిగిలింది ఈవిడొక్కతే. ఈవిడ అరవడం, ఆయన డ్రెస్సింగ్ గౌనులో మెట్ల మీదికొచ్చి జవాబివ్వడం, ఆ తర్వాత లోపలికెళ్ళి రెండు గుడ్లు ఇష్టంగా తినడం. అంతకు మించి ఆయన దినచర్యలో చెప్పుకోదగ్గదేమీ లేదు.

“రారా? ఎందుకని?”

“మోకాళ్ళు. బస్సు దిగి ఈ ఎత్తు ఎక్కలేకపోతున్నా. ఎక్కి మాత్రం ఏం లాభం? నిన్న కుక్కను తిప్పుతూ ఒకమ్మాయి ఆగి, థార్స్‌బీ అంటే ఎవరండీ, ఈ ఇల్లు కట్టిన మేస్త్రీయా అని అడిగింది.”

ఆయన మొహం కందిపోయింది. “మీరేం చెప్పారు?”

“చెప్పబోయాను. ఈలోగా కుక్క లాక్కుపోయింది.”

“మేస్త్రీయా!” ఆల్డెన్ ఒక మెట్టు దిగాడు. “సాన్ బెలార్మోలో ఒక ప్రభుత్వాన్ని రాత్రికి రాత్రే కూల్చినవాణ్ణి నేను! సెనేట్‌లో పదకొండు గంటలు నిలదీశారు నన్ను. మూడు దేశాలు నన్ను గడప తొక్కొద్దన్నాయి!”

“రెండే. మూడోది వీసా ఆలస్యం చేసిందంతే.”

“చూశారా! ఇంత వివరంగా ఎవరికి గుర్తుంది? ఈ ఊళ్ళో నా గురించి తెలిసిన మనిషి మీరొక్కరే. మీరూ మానేస్తే ఎలా చెప్పండి?”

బెర్నీస్ నవ్వలేదు. “మీరు గద్దెనెక్కించిన జనరల్ నాలుగు వేలమందిని జైల్లో కుక్కాడు. అదీ నాకు గుర్తుంది.”

“ఆనాటి పరిస్థితుల్లో...”

“ఆ ముక్క పంతొమ్మిదేళ్ళుగా వింటున్నా. కొత్తదేమైనా ఉంటే చెప్పండి.”

ఆయన కప్పును మెట్టు మీద పెట్టడానికి వంగాడు. తల ఎత్తేసరికి ఆవిడ ప్లకార్డు చంకన పెట్టుకుని అప్పుడే పక్కింటి గేటు దాటింది.

ఆల్డెన్ స్లిప్పర్లతోనే వీధిలోకి దిగాడు. “ఆగండి, బెర్నీస్ గారూ! కూర్చుని మాట్లాడుకుంటే తెగని సమస్య ఉండదు.” గొంతులోకి పాత రోజుల గాంభీర్యం వచ్చేసింది. “మా వరండాలో కుర్చీ వేయిస్తాను.”

“కుర్చీలో కూర్చుని నిరసనా? నలుగురూ నవ్వుతారు.”

“కారు పంపిస్తాను.”

“మీ కారెక్కి వచ్చి మిమ్మల్నే తిట్టనా? అలాంటి మొహమాటం లేనితనం మీ జనరల్‌కి ఉండేది. నాకు లేదు.”

“సరే, మీ షరతేమిటో మీరే చెప్పండి.”

ఆవిడ ప్లకార్డుతో వాలు కిందికి చూపించింది. “కింద కాలువ పక్కన, బస్సు స్టాపు దగ్గర ఒక బెంచీ ఉంది. నేనక్కడ నిలబడతా. తిట్లు కావాలంటే మీరే రావాలి.”

“అంత దూరమా? మైలుంటుంది!”

“ఉంటుంది.”

“వారానికోసారి వస్తాను.”

“రోజూ.”

“వాన పడితే?”

“గొడుగు లేదా మీకు?”

“కారులో వస్తా.”

“కారులో వచ్చేవాళ్ళను నేను తిట్టను. నడిచి రండి. దారి పొడుగునా జనం చూడాలి, అదిగో థార్స్‌బీ వస్తున్నాడని.”

జనం అన్న మాట దగ్గర ఆల్డెన్ ఆగాడు. నిజమే, ఆ బస్సు స్టాపు దగ్గర ఎప్పుడూ వందమంది ఉంటారు. కాలేజీ పిల్లలు, టూరిస్టులు. వాళ్ళ చేతుల్లో ఫోన్లు.

“నా పేరు గట్టిగా అరుస్తారా?”

“మూడుసార్లు.”

“ఇంటిపేరొక్కటేనా, మొత్తమా?”

“మొత్తం. మాజీ అండర్ సెక్రటరీ అని హోదాతో సహా.”

“హోదా ముందు ‘అపఖ్యాతి పాలైన’ అని కూడా తగిలిస్తారా?”

“అది మీ నడకను బట్టి. ఆలస్యమైతే తగిలించను.”

ఆల్డెన్ చెయ్యి చాచాడు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఇద్దరూ కరచాలనం చేశారు. ఆవిడ వాలులో బస్సు కోసం దిగిపోతుంటే, ఆయన చూస్తూ నిలబడి, ఆ తర్వాత వెన్ను నిటారుగా పెట్టి ఇంట్లోకి నడిచాడు.

“లెనోర్!” వంటింట్లో ఉన్న భార్యకు వినబడేలా కేకేశాడు. “వెళ్ళిపోతానన్న మనిషిని పది నిమిషాల్లో దారికి తెచ్చాను. నలభై ఏళ్ళ ఉద్యోగంలో ఇంత శుభ్రమైన ఒప్పందం ఒక్కటీ కుదర్లేదు!”

“నీకెవరు సాటి, ఆల్డెన్!” అంది లెనోర్.

ఆయన ఈల వేసుకుంటూ మేడ మెట్లు ఎక్కసాగాడు. రేపు ఏ సూటు వేసుకోవాలి? నీలందా, బూడిద రంగుదా? అడుగుదామని సగంలో వెనక్కి తిరిగేసరికి, వంటింట్లోంచి లెనోర్ ఫోనులో ఎవరితోనో గొంతు తగ్గించి మాట్లాడడం వినబడింది.

“డాక్టరు గారూ, మా ఆయన రేపట్నుంచి రోజూ రెండు మైళ్ళు నడుస్తాడు... నా వల్ల ఎక్కడయిందండీ, బెర్నీస్‌ను బతిమాలుకున్నా. క్షమాపణ చెప్పేదాకా ఆయన్ని చావనిచ్చేది లేదని ఆవిడా వెంటనే ఒప్పుకుంది!”