కూజా మొక్కకు పడని నీళ్లు

మార్కాపురంలో నీళ్ల ఇంజనీరు గోవర్ధన్ వాకిట్లో కూర్చుని, పురుగులను తినే కూజా మొక్కను కొత్త కుండీలోకి మారుస్తున్నాడు. పల్లె నుంచి రమణమ్మ సీసాతో వచ్చింది.

“మా ఊరి బోరు నీళ్లు, సారూ. మంచివి కావని నువ్వు రాసిస్తే ట్యాంకరు పంపుతారంట. మా మనమడి పళ్లు గారపట్టినాయి.”

“పరీక్ష చేసినాం గదా అవ్వా. తాగొచ్చని రాసి సంతకం గూడా పెట్టినా.”

“సరేలే. మొక్క వాడినట్టుంది,” అంటూ ఆమె కుండీ మీదికి సీసా వంచింది.

గోవర్ధన్ ఆమె చేయి పట్టుకున్నాడు. “ఏందవ్వా నువ్వు? దీనికి వాన నీళ్లే పోయాల. ఈ నీళ్లు పోస్తే నెలలో చచ్చిపోతుంది.”

రమణమ్మ సీసాకు మూత పెట్టింది.

“ఆ మాటే రాసియ్యి నాయనా. మొక్క అని రాసేకాడ మా మనమడి పేరు పెట్టు.”