చేత్తో పట్టుకునే చరిత్ర

"మీరు తెలుగువారా అమ్మా?"

వసుమతి చేతిలో కందిపప్పు పాకెట్టు గాల్లోనే ఆగిపోయింది.

అది ఐసెలిన్‌లో మనవాళ్ళ సరుకుల కొట్టు. ఎదురుగా ఎనభై దాటిన పెద్దాయన. పాత కోటు, చంకలో గుడ్డసంచి, ముఖమంతా నవ్వు.

ఆ నవ్వు చూసి ఆమె గుండెల్లో రాయి పడింది.

పడదూ మరి? 1983లో న్యూజెర్సీలో ముక్కూమొహం తెలియని మనవాడు కొట్లో పలకరించాడంటే, సబ్బులు అమ్మించే గొలుసు వ్యాపారంలోకి లాగడానికే. పోయిన నెల అలాగే ఒకాయన ఇంటికొచ్చి, రెండు పళ్ళాల పకోడీలు లాగించి, కాగితం మీద సున్నాలు గీస్తూ "మీ కింద ఆరుగురు, వాళ్ళ కింద ఆరుగురు" అని మూడు గంటలు కదిలితే ఒట్టు.

"అవునండీ. కొంచెం తొందరలో ఉన్నాం," అంది.

"నేనూ తెలుగువాణ్ణే. అప్పలస్వామి అంటారు. ఇందాక మీ మాటలు చెవిన పడ్డాయి. పిల్లలకి అమెరికా చరిత్ర అంటున్నారు..."

నిజమే. స్నేహితురాలు హైమతో అప్పటిదాకా ఆ గొడవే. ఐదు కుటుంబాలు కలిసి పిల్లల్ని స్కూలు మాన్పించి, తలా ఒక సబ్జెక్టు పంచుకుని ఇళ్ళలోనే చెప్పుకుంటున్నాయి. దానికి కో-ఆప్ అని పేరు. చీట్లు వేస్తే చరిత్ర వసుమతికి తగిలింది. ఆవిడ చదివింది కెమిస్ట్రీ. అమెరికా చరిత్ర అంటే, సిటిజన్‌షిప్ పరీక్షకి బట్టీ పట్టిన జవాబులే ఆవిడకి తెలిసింది.

పాఠాలు పిల్లలు చేత్తో చేస్తూ నేర్చుకునేలా ఉండాలని అందరి పట్టు. క్యాటలాగులన్నీ గాలిస్తే, పాతకాలపు అమెరికా బతుకు నేర్పే సామాను పెట్టెలు మూడు తేలాయి. ఒకదాంట్లో కొవ్వొత్తులు పోయాలి, ఒకదాంట్లో దుంగల ఇల్లు కట్టాలి, ఇంకోదాంట్లో అతుకుల బొంత కుట్టాలి.

అసలు తంటా పదేళ్ళ కూతురు రేణుతో. స్కూలు మానకముందు అక్కడెవరో పిల్ల "మీవాళ్ళు ఇక్కడివాళ్ళు కాదుగా, ఈ హిస్టరీ నీకెందుకు?" అందిట. అప్పట్నుంచి చరిత్ర పుస్తకం తెరిస్తే చాలు, రేణు నోరు మూసేస్తుంది. ఏ పెట్టె చూపించినా ఒకటే మాట.

"అందులో మనవాళ్ళు ఎవరూ లేరు కదమ్మా."

వసుమతి క్యాటలాగులో ఇంకో పేజీ తిప్పేది.

"పిల్లలు చేత్తో పట్టుకుని చూసేవి నా దగ్గర కొన్ని ఉన్నాయి తల్లీ," అన్నాడు పెద్దాయన. "ఒక్క శనివారం, ఒక్క గంట ఇస్తే చాలు."

ఒక్క శనివారం, ఒక్క గంట! అచ్చం సబ్బులాయన మాటలే. హైమ మోచేత్తో పొడిచింది.

వసుమతి నవ్వుతూ ఫోన్ నంబరు చెప్పింది. చివరి అంకె మార్చి.

మళ్ళీ వారం ఆయన అక్కడే ఉన్నాడు.

"నంబరు తప్పు రాసుకున్నట్టున్నాను తల్లీ. ఈ మధ్య చెవులు సరిగా పనిచెయ్యట్లేదు."

ఆమెకి సిగ్గేసింది. అయినా మనసు కరగలేదు.

"ఈ నెల బాగా బిజీ అండీ. నెక్స్ట్ మంత్ చూద్దాం."

ఈసారి వెంట వచ్చిన రేణు కళ్ళు మాత్రం సంచీ మీదే ఉన్నాయి. "అంకుల్, బ్యాగ్‌లో ఏముంది?"

"చూస్తావా?" ఆయన ముఖం వెలిగిపోయింది. వంగి సంచి మూతి సగం విప్పాడు.

వసుమతి కూతురి రెక్క పట్టుకుని కారు దాకా లాక్కుపోయింది.

"సోప్ కాదమ్మా," కార్లో రేణు మొదలెట్టింది. "సోప్ అయితే స్మెల్ వస్తుంది."

"అయితే షాంపూ."

"కాదు! గ్రీన్ కోట్ ఉంది. ఓల్డ్ పేపర్స్ ఉన్నాయి. అన్ని పేపర్స్ ఎందుకు ఆయనకి? నన్నెందుకు చూడనివ్వలేదు?"

ఆ పిల్ల ఒకేసారి అన్ని ప్రశ్నలు వేసి ఎన్ని నెలలైందో! వసుమతికి ఆ సంగతి తట్టనేలేదు. సబ్బుల బారి నుంచి బయటపడ్డానన్న సంబరంలో ఉంది.

కొవ్వొత్తుల పెట్టె తెప్పించారు. వంటింటి నేలంతా మైనం. రేణు బుద్ధిగా ఆరు కొవ్వొత్తులు పోసింది. ఒక్క మాటా అడగలేదు.

వేసవిలో కో-ఆప్ పిల్లల్ని కౌంటీ మ్యూజియానికి తీసుకెళ్ళారు. అక్కడి అమెరికన్ ఆవిడ రేణుని చూసి ఆగింది.

"మీది ఇండియా కదూ? అయితే ఇటు రా. ఇది కొత్తగా పెట్టాం."

అద్దాల బీరువాలో ఆకుపచ్చ సైనికుడి కోటు, పసుపు తిరిగిన కాగితాలు, ఒక ఫోటో. ఫోటోలో అదే నవ్వు.

"ఏప్రిల్‌లో పోయారు," అందావిడ. "వీటిని మీవాళ్ళ పిల్లల చేతుల్లో పెట్టాలని ఎంతో తిరిగారు పాపం. ఎవరికీ తీరిక దొరకలేదట. చివరికి మాకిచ్చారు."

అద్దం మీద 'ముట్టుకోరాదు' అని రాసి ఉంది.

వసుమతికి తల కొట్టేసినట్టయింది. ఎంత పని చేశాను, అనుకుంది. కళ్ళు మసకబారి, ఫోటో కింది అక్షరాలు కనిపించలేదు.

"అమ్మా, ఆ అంకులే!" రేణు అద్దానికి ముక్కు ఆనించి, మ్యూజియం అంతా వినిపించేలా పైకి చదవసాగింది.

"ఓడ కళాసిగా వచ్చి, 1918లో అమెరికా సైన్యంలో చేరి, 1919లో అమెరికా పౌరుడై, తెల్లవాడు కాడని 1924లో ఆ పౌరసత్వం లాగేసుకుంటే, ఇరవై మూడేళ్ళు పోరాడి మళ్ళీ సాధించుకున్న కోరంగి అప్పలస్వామి."