లంగరు దుంగ

లంగరు లేవకపోతే గట్టయ్య తోలు లేస్తుందని సోమక్క పొద్దున్నే వాడంతా చాటింపు వేసింది. ఆమెకు చెప్పింది ఠాణాకు నీళ్ళు మోసే లచ్చమ్మ. లచ్చమ్మ చెవులారా విన్నదట. "పొద్దు నడినెత్తికి వచ్చేలోపట లంగరు లేవాలె. లేవకుంటే పడవోణ్ణి వాని తెరచాప గుంజకే కట్టి కాల్చుడే" అన్నాడట ఠాణా పెద్ద అమీన్‌సాబ్.

సోమక్క నోట పడ్డది ఏదీ చప్పగా బయటికి రాదు. నాలుగు మిరపకాయలు దంచి కలుపుతుంది. కానీ ఈ మాటలో ఆమె కలిపింది ఏమీ లేదని గట్టయ్యకు తెలుసు. పోయిన వారమే ఎగువ రేవులో, పడవకు కన్నం పెట్టారని ఇద్దరిని నిలబెట్టి కాల్చారు.

పంతొమ్మిది వందల నలభై ఎనిమిది, శ్రావణం. గోదావరి ఎర్రగా పొంగుతోంది. నిజాం మీద తిరగబడ్డ సంఘపోళ్ళకు అన్నం పెట్టారని ఘనపూర్ దిక్కు ఒక ఊరిని పోలీసులు తగలబెట్టారు. ముప్ఫైమంది ఆడా మగా పారిపోయి వచ్చి నది నడుమ ఇసుక తిప్ప మీద చిక్కుకున్నారు. అవతలి గట్టు సిరొంచ. ఇండియా యూనియన్ గడ్డ. అది ఎక్కితే బతికినట్టే. ఎవరో దోనెల మీద ఇద్దరినీ ముగ్గురినీ దాటిస్తున్నారని అమీన్‌కు కబురు అందింది. అందరూ దాటకముందే తిప్ప మీద పడాలని అమీన్ గట్టయ్యను, అతని తెరచాప పడవను పట్టుకున్నాడు.

తీరా తెల్లారి లంగరు ఎత్తబోతే, తాడు చుట్టే దుంగ ఇరుసు దగ్గర పుటుక్కుమంది. లంగరేమో ఇసుకలో దిగబడి ఉంది. ఎనిమిదిమంది గుంజినా కదల్లేదు. తాడు నరుకుదామంటే, లంగరు లేని పడవ తిప్ప దగ్గర ఆగదు. వరద ఈడ్చుకుపోయి యూనియన్ గట్టుకే కొడుతుంది, పోలీసులతో, తుపాకులతో సహా.

వడ్రంగం పని చేసే వడ్ల రాజయ్యను పట్టుకు రమ్మని హుకుం వేసి అమీన్ నాస్తాకు పోయాడు.

ఇప్పుడు పడవ మీద ముగ్గురే. గట్టయ్య, రాజయ్య, కాపలా జవాను వెంకట్రాం.

రాజయ్య సంచిలోంచి ఉలి తీయకముందే జవాను మొదలుపెట్టాడు.

"కుళ్ళిన కట్టె. దాన్నేం సూస్తవ్? అవతల పారేసి కొత్తది పెట్టు."

"కొలత కావాలె గద జవాన్‌సాబ్."

"కొల్సుకో. నిదానంగ చెయ్యి. ఉరుకులాటల మళ్ళ ఇరిగిందనుకో, నీ ఈపు ఇమానం మోత మోగుతది."

గట్టయ్యకు ఒళ్ళు మండింది. నిదానమట! ఎండ ఎక్కిన కొద్దీ ఇక్కడ తన ఆయుష్షు దిగుతోంది.

"రాజన్నా, జర జల్ది కానియ్యే. నీ కాల్మొక్త."

తిప్ప మీది జనం మీద జాలి లేక కాదు. దుంగ విరిగినప్పుడు లోలోపల సంతోషపడ్డాడు కూడా. ఆ సంతోషం అమీన్ తన వైపు తిరిగి చూసేదాకే.

రాజయ్య కొత్త దుంగకు ఇరుసు చెక్కుతున్నాడు. పొద్దు రెండు బారలు ఎక్కింది. జవాను విరిగిన ముక్కను బూటుతో దొర్లించి, పడవ మీద మండుతున్న పొయ్యిలోకి తోశాడు.

"చాయ్ కాగనీకన్న పనికొస్తది."

"ఏయ్!" రాజయ్య ఉలి పడేసి లేచాడు. "అది మా నాయిన చెక్కిన దుంగ సాబ్. పొయ్యిల పెడ్తవా?"

"మీ నాయిననా?" జవాను నవ్వాడు. "సూడు గట్టయ్యా, వీళ్ళ నాయిన పనితనం. ములక్కాయ లెక్క ఇరిగింది. చెద తిన్న కట్టె అంటగట్టిండు ముసలోడు."

రాజయ్యను తిట్టినా పడతాడు, కొట్టినా పడతాడు. తండ్రి పనికి వంక పెడితే మాత్రం పడడు. పొయ్యిలోంచి ముక్కను లాగాడు. అంటుకున్న నిప్పును అరచేత్తోనే దులిపాడు.

"చెదనా? నల్లమద్ది చేవ ఇది! ఇరవై అయిదేండ్లు గోదారి మీద ఎండింది, నానింది. చెద గాదు, చెద తాత గూడ ముట్టడు. ఇగో సూడు!" విరిగిన చోట మెత్తుకున్న బురదను బొటనవేలితో గీకాడు. "పైన పీచులు లేసినయ్. కింద సగం ఎట్లున్నది? అద్దం లెక్క లేదా? మా నాయిన చేసింది ఇరగదు సాబ్. కోసిండ్రు. రంపం పెట్టి కోసిండ్రు!"

అన్నాక తెలిసింది, ఏమన్నాడో.

కోస్తే పడవవాడు కాక ఇంకెవడు కోస్తాడు? అమీన్ అడిగే మాట అదొక్కటే.

జవాను తుపాకీ అందుకుని లేచాడు. గట్టు వైపు చూశాడు. అమీన్ గొడుగు రేవు మెట్లు దిగుతోంది. వెనక ఆరుగురు పోలీసులు.

"తప్పైంది సాబ్," అన్నాడు రాజయ్య. "కోపంల ఏందో వాగిన. చెదనే. చెదనే తిన్నది."

జవాను రాజయ్య చేతిలోంచి ముక్కను గుంజుకున్నాడు. నున్నటి కోత మీద వేలు పెట్టి అట్లాగే నిలబడ్డాడు.

గట్టయ్య ఆ బూట్ల ముందు కూలబడ్డాడు. "నేను గాదు సాబ్. మా పోరగాండ్ల మీద ఒట్టు. ఏ లంజకొడుకు కోసిండో నాకు తెల్వదు!"

"నేనే కోసిన," అన్నాడు జవాను, "ఆ తిప్ప మీద మా అవ్వ ఉన్నది."