ఎవరి ఇష్టం

పొద్దుటి నుంచీ ఆకాశం కురవకుండా, తెరిపివ్వకుండా ముసురుకుని ఉంది. ఆసుపత్రి వార్డులో నర్సమ్మ రోగి భార్య చేతికి ఒక కాగితం ఇచ్చింది.

"సంతకం పెట్టమ్మా. మీ ఆయన్ని ఇంటికి తీసుకెళ్లొచ్చు."

'డాక్టర్ల మాట కాదని, నా ఇష్టప్రకారం తీసుకెళ్తున్నాను' అని అచ్చువేసి ఉంది. ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇక చేసేదేమీ లేదని నిన్న చెప్పింది ఆ డాక్టర్లే. ఆ సంగతి మొగుడికి చెప్పకుండా కడుపులోనే దాచుకుని తిరుగుతోంది.

"ఇది నా ఇష్టమా? నలభై రోజులు ఈ బల్ల మీదే నడుం వాల్చాను."

"అందరూ పెట్టేదేనమ్మా. మాట పట్టుకుని కూర్చుంటే ఎలా?"

"నా చెయ్యి రావడం లేదు."

మంచం మీంచి మొగుడు నీరసంగా నవ్వాడు. "పోయేవాణ్ణి నేనైతే ఇష్టం దానిదెలా అవుతుంది, నర్సమ్మా? 'మా ఆయన ఇష్టప్రకారం' అని మార్చండి."

ఆమె మొగుడి వైపు గిరుక్కున తిరిగింది. "మీకు తెలుసా?"

"నిన్నటి నుంచీ నన్ను ఒక్క తిట్టూ తిట్టలేదు నువ్వు. ఆ మాత్రం తెలీదా?"

నర్సమ్మ 'నా' కొట్టేసి, పైన 'మా ఆయన' అని రాసింది. భార్య సంతకం పెట్టింది.

బండి వచ్చేలోగా క్యారియరు విప్పి, మంచం మీదే అన్నం కలిపింది. ఒకే గిన్నెలోంచి ఇద్దరూ తిన్నారు.